పరుల చేతిలోని మన సొత్తు



గృహిణి చేతిమీదుగా ఇంటి వస్తువు లేదో యొకటి పరుల చేతికి బోని వారము లేదు. పట్టుచీర చలువచేయు దుకాణమునకు బోవును. రవికగుడ్డ దర్జీకడకు బోవును. తెగిన గొలుసు కంసాలికిని, నిలిచిపోయిన గడియారము గడియారములు బాగుచేయువానికిని, కుట్టుమిషను, మిక్సీ, సెల్ ఫోను మరమ్మతు కొట్లకును బోవును. పోయినవి చెప్పిన దినమునకు దిరిగివచ్చుచున్నంతకాలము మనకీ విషయమై యాలోచనయే కలుగదు. ఒకనాడు దుకాణదారుడు “అమ్మగారూ, మీ వస్తువు కనబడుట లేదండీ” యనినప్పుడు మాత్రము గుండె ఝల్లుమనును. అప్పుడు మనలో గొందరు నలుగురు వినునట్లు జగడమాడి వట్టిచేతులతో నింటికి వత్తురు. కొందరు “మన ప్రాప్తమింతే” యని యూరకుందురు. ఈ రెండును గాక మూడవ మార్గమొకటి కలదు. న్యాయమేమో తెలిసికొని, దానిని నెమ్మదిగాను స్పష్టముగాను జెప్పి, మన సొత్తునో దాని వెలనో రాబట్టుకొనుటయే యా మార్గము. దానిని గురించి తెలిసికొన్న సంగతులను ఇచట వ్రాయుచున్నాను.

ఆడువారికి చట్టములతో బనియేమి యని యడుగువారు నేటికిని గలరు. ఇంటిలోని వస్తువులను దుకాణములకు బంపునదియు, తెచ్చుకొనునదియు, పోయినప్పుడు మాటపడునదియు ఎక్కువగా ఇల్లాలే కదా! పని యామెదైనప్పుడు ఆ పనికి సంబంధించిన న్యాయము మాత్రము ఆమెకు వలదనుట యెట్లు?

పూర్వులు చెప్పినది

ఇది క్రొత్తగా పుట్టిన వివాదము గాదు. మనువు వ్యవహారపదములను పదునెనిమిదింటిగా విభజించి, ఋణాదానము తరువాత రెండవదానినిగా నిక్షేపమునే చెప్పెను. నమ్మి యొకరికడ నుంచిన సొమ్మే నిక్షేపము. ఎరువు తెచ్చుకొన్న వస్తువునకును, శిల్పికి బనికై యిచ్చిన వస్తువునకును గూడ ఇదే విధి వర్తించునని నారదుడు చెప్పెను. కాబట్టి కంసాలి చేతిలోని గొలుసు, దర్జీ చేతిలోని గుడ్డ నాటికిని నిక్షేపముతో సమానమే.

యాజ్ఞవల్క్యస్మృతి ఇంకను సూక్ష్మముగా బరిశీలించినది. ఉంచిన సొమ్మును రాజు హరించినను, దైవికముగా నశించినను, దొంగలు గొనిపోయినను, పుచ్చుకొన్నవాడు దానిని చెల్లింపనక్కరలేదు. కాని సొంతదారు “నా వస్తువు నా కిమ్ము” అని యడిగిన పిమ్మట ఈయక తడవుచేసి, ఆ తడవులో నది పోయినచో, వెల చెల్లించుటయేగాక దండమును గూడ నీయవలెను. తన యిచ్చవచ్చినట్లు దానిని వాడుకొన్నవాడును దండ్యుడే. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరావ్యాఖ్యను ననుసరించి కేతన మన తెలుగున విజ్ఞానేశ్వరీయమును రచించెను గనుక, ఈ విషయము తెలుగువారి చెవికి గొన్నివందల యేండ్లనాడే సోకినది.

1909లో మైసూరున శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున కారుకరక్షణమని యొక ప్రకరణము గలదు. పనివాండ్రు స్థలమును, కాలమును, చేయవలసిన పనియు ముందే నిర్ణయించుకొని చేయవలెననియు, విపత్తువలన దప్ప మరియేవిధముగ వస్తువు పోయినను చెడినను వారే యిచ్చుకొనవలెననియు నందు గలదు. గడువు మీరినచో కూలిలో నాలవపాలు తగ్గును. ఆ కూలికి రెట్టింపు దండము గూడ గలదు. చాకలివాడు చెక్కపలకలమీదనో నున్నని రాతిమీదనో బట్టలుదుకవలెను. తన గుర్తు గల బట్టను దప్ప ఇతరుల బట్టను గట్టుకొనినచో మూడు పణములు దండము. పరుల బట్టలను విక్రయించినను, అద్దెకిచ్చినను, తాకట్టుపెట్టినను పండ్రెండు పణములు. మనువు గూడ బూరుగుచెక్కపై మెల్లగా నుదుకవలెననియు, ఒకరి బట్ట లొకరికీయరాదనియు విధించెను.

నారదుడు చెప్పిన లెక్కయొకటి నాకు మిక్కిలి యింపైనది. ఒకసారి యుదికిన బట్టకు వెలలో నెనిమిదవపాలు తగ్గును. రెండుసార్లుదికినదానికి నాలవపాలును, మూడుసార్లుదికినదానికి మూడవపాలును, నాలుగుసార్లుదికినదానికి సగమును దగ్గును. అనగా చాకలి పోగొట్టిన బట్టకు క్రొత్తబట్ట వెల యడుగరాదు, వట్టిచేతులతోను బంపరాదు. నేటి న్యాయస్థానములు “వాడుకవలన తగ్గిన విలువ” యని లెక్కకట్టునదియు నిదియే.

నేటి చట్టము

ఇప్పుడు మనదేశమున నీ విషయమును బాలించునది 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము. అందు 148వ సెక్షను మొదలు బెయిల్‌మెంటు అను ప్రకరణము గలదు. ఒకరు మరియొకరికి ఏదేని పనికొరకు వస్తువును స్వాధీనముచేసి, ఆ పని తీరినపిమ్మట దానిని తిరిగి యిచ్చునట్లో, చెప్పినచొప్పున జేయునట్లో ఒడంబడుట బెయిల్‌మెంటు. మీరు మరమ్మతుకొట్టులో గడియారము నిచ్చి చీటీ పుచ్చుకొన్న క్షణముననే ఈ యొడంబడిక యేర్పడును. ముద్రకాగితము మీద వ్రాయనక్కరలేదు.

పుచ్చుకొన్నవాడు ఎంత జాగ్రత్త చూపవలెను? 151వ సెక్షను దీనికి సమాధానము. సామాన్య వివేకము గలవాడు, అంతే పరిమాణమును, అటువంటి గుణమును, అంత వెలయు గల తన సొంత వస్తువును ఎట్లు కాపాడుకొనునో అట్లు కాపాడవలెను. ఈ మాటలో నెంతో న్యాయమిమిడియున్నది. ఇత్తడిబిందెను కొట్టు ముందట నుంచుట తప్పుగాకపోవచ్చును. కాని బంగారుగొలుసునట్లుంచినచో సామాన్య వివేకమైనను లేనట్లే. వాడు కూలికి జేసినను, స్నేహముచే నుచితముగా జేసినను కొలత యొక్కటే. “డబ్బు పుచ్చుకొనలేదు గనుక నాకు బాధ్యత లేదు” అనుట చెల్లదు.

అంత జాగ్రత్తయు జూపినను, తాళములు బిగించి కాపలా యుంచినను, వస్తువు పోయినచో 152వ సెక్షను ప్రకారము వానికి బాధ్యత లేదు. ప్రత్యేకముగా “ఏమైనను నేనే యిచ్చుకొందును” అని యొప్పుకొనియున్న సంగతి వేరు. కనుక దుకాణములో దొంగతనము జరిగినంతమాత్రమున మన సొమ్ము మనకు వచ్చితీరునని యనుకొనరాదు. అయితే తాను తగిన జాగ్రత్త తీసికొంటినని చూపవలసిన భారము మాత్రము దుకాణదారునిదే. వస్తువు వాని స్వాధీనమున నుండగా అచట నేమి జరిగినదో మనకెట్లు తెలియును? తెలిసినవాడే చెప్పవలెననుట న్యాయసమ్మతము.

దుకాణదారుడు మన వస్తువును వాడుకొనరాదు. బాగుచేయుటకిచ్చిన బండిపై వాని తమ్ముడు ఊరేగినను, చలువకిచ్చిన చీరను పెండ్లికి మరియొకరు గట్టుకొనినను, ఆ వాడుకలోగాని యా సమయమునగాని కలిగిన నష్టమునకు 154వ సెక్షను ప్రకారము వాడే బాధ్యుడు. “జాగ్రత్తగానే నడిపితిని, అనుకోకుండ పడిపోయినది” అనినను విడుదల లేదు. కౌటిల్యుని మూడు పణముల దండమునకును దీనికిని మూలసూత్రమొక్కటే.

గడువు మీరినప్పుడు

మా ప్రాంతమున కుట్టుపనిచే ఇద్దరు బిడ్డలను జదివించుకొనుచున్న వితంతువొకామె తన మోటారు కుట్టుమిషనును ఒక కొట్టులో మరమ్మతునకిచ్చినది. శనివారమునకు సిద్ధమగునని చీటీమీద వ్రాసియిచ్చిరి. శనివారములు ఎనిమిది గడచినవి. పోయినప్పుడెల్ల “రేపు రండమ్మా” యనుటయే. తొమ్మిదవవారమున బెద్దవాన కురిసి కొట్టు కప్పు కారి మిషను తుప్పుపట్టినది, మోటారు చెడినది. అప్పుడు కొట్టుయజమాని “వాన కురిపించినవాడను నేను గాను గదమ్మా, అది దైవాధీనము” అనెను. ఆమె కన్నీళ్లతో మా యింటికి వచ్చి, “అక్కయ్యగారూ, దైవముమీద నేనెక్కడ ఫిర్యాదు చేయుదును?” అని యడిగినది.

దైవముమీద ఫిర్యాదు అవసరము లేదు. పని తీరినవెంటనే, లేక గడువు ముగిసినవెంటనే, అడుగకయే వస్తువును తిరిగి యీయవలెనని 160వ సెక్షను చెప్పుచున్నది. పుచ్చుకొన్నవాని తప్పువలన దగిన కాలమున వస్తువు తిరిగి రాకపోయినచో, ఆనాటినుండి దానికి గలుగు నష్టమునకును, చెడుటకును, నాశమునకును వాడే బాధ్యుడని 161వ సెక్షను చెప్పుచున్నది. ఆ శనివారము గడచినది మొదలు వాన వచ్చినను గాలి వచ్చినను భారము వానిదే. యాజ్ఞవల్క్యుడు అడిగినపిమ్మట తడవుచేసినవానికి విధించినదియు నిదియే గదా! మా వారును నేనును గూర్చుండి, ఇచ్చిన తేదీ, గడువు తేదీ, చెడిన తేదీ వరుసగా జూపి, సెక్షను సంఖ్యను వ్రాసి యొక యుత్తరము సిద్ధముచేసితిమి. ఆమెయే స్వయముగా దీసికొనిపోయి యిచ్చి, నకలుపై సంతకము పుచ్చుకొన్నది. ఒక వారములో క్రొత్త మోటారు బిగించి, కూలి పుచ్చుకొనక మిషను నింటికి బంపిరి. ఆమెకు నష్టమైన రెండునెలల కుట్టుకూలి మాత్రము రాలేదు. దానికై ఆమె పోరాడదలచుకొనలేదు. కాని ఆ చిన్న చీటీ లేకున్న మిషను గూడ రాకపోయెడిది.

రెండు తీర్పులు

స్త్రీల వస్తువులను గురించి మద్రాసు హైకోర్టు చెప్పిన తీర్పులు రెండు మనమందరము నెరుగదగినవి.

మొదటిది 1938వ సంవత్సరపు తీర్పుల సంపుటములలో బ్రకటింపబడినది. ఒక స్త్రీ పాతనగలను గరగించి క్రొత్తవి చేయుటకై కంసాలికిచ్చినది. ప్రతిదినము సాయంకాలము సగము తయారైన నగలను దాను పుచ్చుకొని, కంసాలి యింటిగదిలోని పెట్టెలో నుంచి, తాళముచెవి తనకడనే యుంచుకొనుచుండెను. ఒకరాత్రి యా నగలు దొంగిలింపబడినవి. కంసాలినుండి నష్టము రాబట్టవలెనని యామె తలచినది గాని న్యాయస్థాన మంగీకరింపలేదు. ప్రతి సాయంకాలము నగలు ఆమె స్వాధీనమునకే వచ్చినవి గనుక, ఆ రాత్రి యవి కంసాలి స్వాధీనములో లేవనియు, అందుచే బెయిల్‌మెంటు లేదనియు నిర్ణయించిరి. నమ్మకము లేక తాళముచెవిని దాచుకొన్నందున ఆమెకు రక్షణ కలుగకపోగా, ఉన్న హక్కు గూడ పోయినది. ఇందలి నీతి యిది: నమ్మినచో తూకముతో, చీటీతో బూర్తిగా నప్పగింపుడు. నమ్మనిచో సాయంకాలము వస్తువును మీ యింటికే తెచ్చుకొనుడు. సగము సగముగా నుంచినచో నష్టము మనదే.

రెండవది 1966వ సంవత్సరపు సంపుటములలోనిది. చలువచేయు దుకాణమునకిచ్చిన క్రొత్తచీర యొకటి పోయినది. వస్తువు పోయినచో దాని వెలలో నూటికి 15 వంతులు మాత్రమే యిత్తుమని దుకాణమువారి రసీదుపై నచ్చువేసియుండెను. ఈ షరతును హైకోర్టు ప్రజాహితమునకు విరుద్ధమని త్రోసిపుచ్చినది. ఆలోచింపుడు: అట్టి షరతు చెల్లినచో, నూరురూపాయల చీరను పదునైదురూపాయలకు దక్కించుకొనవచ్చునను దుర్బుద్ధి దుకాణమువారికి బుట్టదా? కాబట్టి చీటీ వెనుక “పోయినచో మాకు బాధ్యత లేదు” అని సన్నని యక్షరములతో నచ్చువేసియున్నంతమాత్రమున మనము బెదరిపోవలసిన పనిలేదు.

దుకాణదారుని హక్కు

న్యాయము రెండువైపుల వారిదియు గదా! పనివాడు గూడ సంసారియే. మన వస్తువుపై తన నైపుణ్యమును, శ్రమను వెచ్చించి పని పూర్తిచేసినవాడు, ఆ కూలి ముట్టువరకు ఆ వస్తువును తనకడ నిలుపుకొనవచ్చునని 170వ సెక్షను చెప్పుచున్నది. దీనికి చట్టమే వజ్రమునకు సానపట్టువానిని దృష్టాంతముగా జూపినది. కాని మూడునెలల యరువిత్తునని యొప్పుకొన్న దర్జీ, కోటును కూలికై నిలుపరాదని యచటనే చెప్పినది.

ఈ హక్కునకు హద్దులు గలవు. పని చేయనివానికిది లేదు. ఈ వస్తువుపై జేసిన పనికి మాత్రమే యిది చెల్లును. పోయిన సంవత్సరము రేడియో బాకీ యున్నదని యీనాటి గడియారమును నిలుపుట కుదరదు. పాతబాకీలన్నిటికి నిలుపుకొను హక్కు బ్యాంకులు, హైకోర్టు అటార్నీలు మున్నగు కొలదిమందికి మాత్రమే 171వ సెక్షను ఇచ్చినది. ఇతరులకు ప్రత్యేకముగా నొడంబడిక యుండవలెను.

మనకు గూడ విధులు గలవు. వస్తువులో మనకు దెలిసిన లోపమును దాచరాదు. ఇస్త్రీపెట్టె తాకినచో విద్యుత్తు కొట్టుచున్నదని తెలిసియు జెప్పక యిచ్చి, బాగుచేయువానికి హానికలిగినచో 150వ సెక్షను ప్రకారము మనమే బాధ్యులము. సిద్ధమైనదని కబురువచ్చిన పిమ్మట నెలలతరబడి తెచ్చుకొనకుండుటయు ధర్మము గాదు.

గృహిణి చేయదగినవి

వస్తువు నిచ్చునప్పుడు చీటీ లేక రాకుడు. అందు వస్తువు పేరు, గుర్తు, సంఖ్య, ఉన్న స్థితి, చేయవలసిన పని, కూలి, తేదీ, గడువు ఉండవలెను. నగలైనచో తూకమును, రాళ్ల లెక్కయు వ్రాయింపవలెను. వెల యెక్కువైన చీరయైనచో దాని విలువను గూడ వ్రాయింపుడు. ఇచ్చుటకు ముందు వస్తువును ఫోటో తీసికొనుట నేడు క్షణములో బని. సెల్ ఫోను నిచ్చునప్పుడు సిమ్మును, మెమరీ కార్డును దీసి, బిడ్డల ఫోటోలను వేరొకచోట నకలు చేసికొని యీయుడు. యంత్రము పోయిన వెల రావచ్చును గాని ఆ ఫోటోలు రావు. గడువు మీరినచో నోటితో నడిగి యూరకుండక, తేదీ వేసి వ్రాసి యడుగుడు. నకలు దాచుకొనుడు.

ఇంతచేసినను దుకాణమువారు వినకున్న దారి గలదు. 1986వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టమునకు బదులుగా 2019వ సంవత్సరపు చట్టము వచ్చి, 2020 జూలై 20వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. రసీదీయకుండుట ఈ చట్టమున అన్యాయవ్యాపారపద్ధతులలో నొకటిగా జెప్పబడినది. డబ్బు పుచ్చుకొని చేయు మరమ్మతులో లోపము కలిగినచో జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. దుకాణమెచటనున్నను, మనము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయు వీలున్నది. వివాదకారణము కలిగిన రెండేండ్లలోపల చేయవలెను. చెల్లించిన ప్రతిఫలము 5 లక్షల రూపాయల లోపలైనచో రుసుము లేదు. వకీలు లేకయే స్వయముగా నిలిచి చెప్పుకొనవచ్చును. అంతకుముందు 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు టెలిఫోను చేసినచో, కొన్ని తగవులు అక్కడనే తీరవచ్చును.

నష్టమొకటి, ద్రోహమొకటి. అజాగ్రత్తచే పోగొట్టినవాడు వెల యిచ్చుకొనును. దురుద్దేశముతో దాచినవాడు, అమ్ముకొన్నవాడు నేరస్థుడే. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షనున నట్టి నమ్మకద్రోహమునకు శిక్ష గలదు. కాని కనబడని ప్రతి రవికగుడ్డకును దొంగయను మాట వాడరాదు. మాట జారినచో తిరిగి తీసికొనలేము. పోయినది పొరపాటుననా, కపటముననా యని మొదట విచారింపవలెను.

మన యిండ్లలో ఒక్కొక్క వస్తువు వెనుక నొక కథ యుండును. అమ్మగారిచ్చిన గొలుసు, మొదటి జీతముతో గొన్న గడియారము, కుటుంబమునకు గూడుపెట్టు కుట్టుమిషను, వీని వెలను సంత చెప్పజాలదు. చట్టమైనను సంతవెలనే యిప్పించును. అందుచేత పోయినతరువాత పోరాడుటకన్న, ఇచ్చునప్పుడు రెండు నిముషములు నిలువబడి చీటీ చదువుట మేలు. ఈ రెండు నిముషముల యోపికను మన పిల్లలకు, ముఖ్యముగా నాడపిల్లలకు, చిన్ననాటినుండియే యలవరచితిమేని, రేపటి గృహిణులు దుకాణము ముందట జగడమాడనక్కరయు, కన్నీరు పెట్టనక్కరయు లేక తమ న్యాయమును దామే చెప్పుకొనగలరు.